ముందు ఫోన్ చేసి అడగండి

శ్రోతలకు నమస్కారం.

జూలై నెల చివరికొచ్చిందంటే మా హన్మకొండలో కొత్త ముఖాలు కనిపిస్తాయి. తండ్రి చేతిలో సర్టిఫికెట్ల ఫైలు, తల్లి చేతిలో కొత్త బకెట్టు, వెనకాల ఫోన్ చూసుకుంటూ నడిచే కొడుకో కూతురో. సీటొచ్చింది, సంతోషం. పిల్లలు హాస్టల్లో చేరేదాకా ఆ ఒకటి రెండు రాత్రులు అందరూ ఎక్కడుండాలి? ఇవాళ నేను మాట్లాడేది ఆ రాత్రుల గురించే.

కాలేజీల ఊరని మాకు పేరు. 1959లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆర్‌ఈసీ, అంటే రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ, అదే ఏడాది మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో వచ్చిన కాకతీయ యూనివర్సిటీ. ఆర్‌ఈసీ పేరు మారి ఎన్ఐటీ అయి ఇరవై ఏళ్లు దాటింది. మా పాత ఆటోవాళ్లకు మాత్రం అది ఇంకా ఆర్‌ఈసీయే.

ఒకప్పుడు బస్టాండు దగ్గర లాడ్జీలు, స్టేషన్ దగ్గర లాడ్జీలు, అంతే. ఇప్పుడు బొటిక్ హోటళ్లంటూ చిన్నచిన్నవి కూడా వస్తున్నాయి. పది పదిహేను గదులుంటాయి. గోడ మీద కాకతీయ తోరణం బొమ్మ, నేల మీద కొత్తవాడ జంపఖానా, మంచం పక్కన పసుపుపచ్చ దీపం. నాకివి ఇష్టమే. మన నేతగాళ్ల పని నలుగురి కంటా పడుతుంది కదా. కానీ ఫోటోలో జంపఖానా కనిపిస్తుంది, చప్పుడు కనిపించదు. ఆ చప్పుడు సంగతే చెప్పాలి.

నాతో పనిచేసిన పెద్దాయన ఒకరు రిటైరై విశాఖపట్నంలో ఉంటున్నారు. ఆయన మనవడికి ఎన్ఐటీలో సీటొచ్చింది. మా ఇంట్లో దిగండి అంటే మొహమాటపడ్డారు. "వద్దండీ, కాగితాల టెన్షన్‌లో ఉంటాం, కాలేజీ దగ్గరే ఉంటాం" అన్నారు. ఫోన్లో రెండు హోటళ్లు చూసి పెట్టుకున్నారు. ఒకటి అద్దాల మేడ, రెండోది సందులో చిన్నది. అద్దాల మేడకే మనసు పోయింది. సరే, డబ్బు కట్టేముందు రెండింటికీ ఒకసారి ఫోన్ చేయండి, యాప్‌లో కాదు, నేరుగా రిసెప్షన్‌కి, అన్నాను. ఏం అడగాలో కూడా చెప్పాను. ఆ రాత్రి మీ హోటల్లో గానీ పక్కన గానీ ఫంక్షన్ ఉందా? మేం తెల్లారకముందే దిగుతాం, అప్పుడు గది ఇస్తారా? ఈ రెండే.

మొదటి హోటల్లో ఫోనెత్తిన అబ్బాయి ఇంగ్లీషులో చాలా మర్యాదగా మాట్లాడాడట. చెకిన్ మధ్యాహ్నం పన్నెండుకే, ముందొస్తే ఇంకో రోజు అద్దె. ఫంక్షన్ ఉందా అంటే, "ఉంది సార్, కింద హాల్లో పెళ్లి రిసెప్షన్, పదింటికల్లా అయిపోతుంది" అన్నాడట.

రెండోదానికి చేస్తే ఒక పెద్దమనిషి ఎత్తారు. ఈయన అడిగేలోపే ఆయనే అడగడం మొదలుపెట్టారట. "ఏ ట్రైన్‌కొస్తున్నరు సార్? గోదావరికా? అయితే వరంగల్‌ల దిగకుండ్రి. తర్వాత స్టేషన్ కాజీపేట, ఆడ దిగుండ్రి. ఆర్‌ఈసీకి అదే దగ్గర. ఆటో నేను పంపుత. పొద్దుగాల వస్తరు కాబట్టి సగం రోజు పైసలు తీసుకుంట." ఆపైన, "పిలగాడు ఏ బ్రాంచి?" అని కూడా అడిగారట. మా పెద్దాయన పడిపోయింది అక్కడే. ఫంక్షన్ మాటెత్తితే, "మా దగ్గర హాలే లేదు సార్. వెనక సందుల ఒకటుంది గానీ, మీకు ముందు వైపు గది ఇస్త" అన్నారు.

చెప్పకుండానే అర్థమైపోయింది కదా, ఎక్కడ దిగారో. తెల్లవారుజామున వచ్చి పడుకుంటే ఎనిమిదింటిదాకా ఎవరూ లేపలేదు. మర్నాడు సాయంత్రం నేను వెళ్లి బయటకు తీసుకెళ్లాను. వేయిస్తంభాల గుడి చూసి తిరిగొస్తుంటే ఆ అద్దాల మేడ ముందు బరాత్. డీజే బండి, జనరేటరు, రోడ్డంతా డాన్సులు. టైము పదిన్నర. మా పెద్దాయన కాసేపు నిలబడి చూసి, "డాన్సు మాత్రం బాగుందండీ" అన్నారు.

ఇది ఆ ఒక్క రాత్రి సంగతి కాదు. ఆషాఢంలో ముహూర్తాలుండవు. శ్రావణం రాగానే ఆగిన పెళ్లిళ్లన్నీ ఒక్కసారిగా అందుకుంటాయి. కాలేజీ అడ్మిషన్లు కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. గదుల అద్దెకంటే హాలు అద్దె ఎక్కువొస్తుంది కాబట్టి హోటల్ కట్టేవాళ్లు ముందు హాలు కట్టి, దాని మీద గదులు లేపుతారు. వాళ్లనేం అనగలం, వ్యాపారం. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో స్పష్టంగా ఉంది. బరాత్ ముందు నిలబడి ఆ నిబంధన చదివి వినిపించే ధైర్యం నాకైతే లేదు.

అందుకే ఫోన్ చేయమంటున్నాను. మెసేజ్ కాదు, ఫోన్. జవాబు ఏమిటన్నది ఒకటైతే, జవాబు చెప్పే తీరు ఇంకొకటి. మీ ప్రశ్నకు సమాధానం చెప్పి పెట్టేసేవాళ్లున్నారు, తిరిగి మిమ్మల్ని నాలుగు అడిగేవాళ్లున్నారు. చిన్న హోటల్‌కి డబ్బు కాస్త ఎక్కువైనా ఇవ్వొచ్చు అని నేను అనేది ఆ రెండో రకం మనిషి అక్కడ ఉంటేనే. లేకపోతే పసుపుపచ్చ దీపానికి అంత డబ్బెందుకు, స్టేషన్ ఎదురుగా లాడ్జీయే నయం.

చెకిన్ గురించి ఇంకోసారి చెబుతాను, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. కోస్తా వైపు నుంచి వచ్చే రాత్రి రైళ్లలో చాలావరకు మనల్ని తెల్లారకముందే దించుతాయి. ఇరవైనాలుగు గంటల లెక్కా, పన్నెండింటి లెక్కా అని అడగండి. ఇరవైనాలుగు గంటల లెక్కయితే నాలుగింటికి దిగినవాళ్లకు మర్నాడు నాలుగు దాకా గది మీదే. పన్నెండింటి లెక్కయితే ముందుగా వచ్చినందుకు ఎంత తీసుకుంటారో అప్పుడే తేల్చుకోండి. కౌంటర్ దగ్గర నిద్రమొహాలతో బేరం కుదరదు. ఇంట్లో పెద్దవాళ్లందరి ఆధార్ కార్డులూ దగ్గర పెట్టుకోండి, ఒక్కరిది చాలదు. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తుంది. ఆ మాఘమాసంలో పరీక్షకో ఇంటర్వ్యూకో రావలసివస్తే, తేదీ తెలిసిన రోజే గది మాట్లాడుకోండి.

మూడో ప్రశ్న ఒకటుంది, మా పెద్దాయన తనంతట తానే అడిగింది. గది ఖాళీ చేశాక సాయంత్రం రైలు దాకా పెట్టెలు మీ దగ్గర ఉంచుకుంటారా అని. సందులో పెద్దమనిషి ఉంచుకున్నారు. రిసెప్షన్ బల్ల వెనక, తాళం వేసిన గదిలో. డబ్బేమీ అడగలేదు.

నమస్కారం.