చిట్టి ఎలుగుబంటికి పట్టే కాలం

సభకు నమస్కారం.

చేతిపనుల ప్రదర్శనల్లో నా బల్ల ముందు ఆగినవారు సాధారణంగా మూడు పనులు చేస్తారు. మొదట బాగా కిందికి వంగి చూస్తారు, ఎందుకంటే నేను చేసే టెడ్డీ బొమ్మలు 6 సెంటీమీటర్ల ఎత్తుకు మించవు. తరువాత ఒకదాన్ని అరచేతిలోకి తీసుకొని, దాని చెయ్యీ కాలూ నిజంగానే కదులుతున్నాయని గమనించి ముచ్చటపడతారు. ఆ తరువాత ధర చీటీ చూసి, "ఇంత చిన్న బొమ్మకు ఇంతా?" అని అడుగుతారు. అలా అడగడంలో తప్పేమీ లేదు. మనం కొనే చాలా వస్తువుల్లో పరిమాణం తగ్గితే ధర తగ్గుతుంది కాబట్టి, ఇక్కడా అలాగే ఉండాలని ఎవరైనా అనుకుంటారు. సూదితో ఉన్నిని గుచ్చి చేసే బొమ్మల విషయంలో మాత్రం ఆ లెక్క తలకిందులవుతుంది. ఎందుకు తలకిందులవుతుందో ముందు పనిలోనే చూపించి, ఆ తరువాత అమ్మకం సంగతికి వస్తాను.

ఉన్ని పోగును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే దాని ఒళ్లంతా చేప పొలుసుల వంటి పొలుసులు కనబడతాయి. వేడినీళ్లు, సబ్బు, రాపిడి తగిలినప్పుడు ఈ పోగులు ఒకదానిలోకి ఒకటి జరుగుతాయి, పొలుసులు వెనక్కి రానివ్వవు, దాంతో ఉన్ని చిక్కబడి ఫెల్ట్ అవుతుంది. ఉన్ని స్వెటరును పొరపాటున వేడినీళ్లలో ఉతికితే కుంచించుకుపోయి గట్టిపడడం ఇందువల్లనే. మేము చేసే నీడిల్ ఫెల్టింగ్‌లో నీళ్లూ ఉండవు, సబ్బూ ఉండదు. ఆ పనంతా పొడి ఉన్ని మీద సూదే చేస్తుంది. ఈ సూదికి దారం ఎక్కించే బెజ్జం ఉండదు. కొన దగ్గర మూడు అంచులూ, ఆ అంచుల మీద కంటికి ఆనీ ఆననంత గాట్లూ ఉంటాయి. సూది లోపలికి దిగేటప్పుడు ఆ గాట్లు పైనున్న పోగులను పట్టి ఈడ్చుకుపోతాయి, బయటికి వచ్చేటప్పుడు వాటిని లోపలే వదిలేసి వస్తాయి. ఒకే చోట పదేపదే గుచ్చితే అక్కడ లొత్త పడుతుంది, చుట్టూ తిప్పుతూ గుచ్చితే గుండ్రటి ఉండ తయారవుతుంది. చెక్కడానికి ఉలి ఎలాగో మాకు ఈ సూది అలాగ, కానీ ఉలి రాయిని తొలగిస్తుంది, సూది ఏదీ తొలగించదు, ఉన్నదాన్నే లోపలికి తోస్తుంది.

ఈ సూదులు మొదట చేతిపని కోసం పుట్టినవి కావు. 19వ శతాబ్దంలో వ్యర్థమైన పోగులను నేయకుండానే దుప్పటిలాగా పరిచి గట్టిపరచడానికి వచ్చిన యంత్రాలలో ఇవి వరుసలు వరుసలుగా బిగించి ఉండేవి. అదే సూదిని యంత్రంలోంచి తీసి ఒంటిగా చేత్తో పట్టుకొని బొమ్మలు చేయవచ్చని 1980లలో అమెరికాలో ఎలినార్, డేవిడ్ స్టాన్‌వుడ్ దంపతులు చేసి చూపించారు. అంటే పద్ధతి మన జీవితకాలానిది. ఫెల్ట్‌తో బొమ్మ చేయాలన్న కోరిక మాత్రం చాలా పాతది. సైబీరియాలోని అల్తాయ్ పర్వతాలలో పజిరిక్ అనే చోట తవ్విన సమాధి దిబ్బలలో, మంచులో చెడకుండా నిలిచిన ఫెల్ట్ హంసలు దొరికాయి. వాటి వయస్సు రెండు వేల సంవత్సరాల పైమాటే. ఇప్పుడు అవి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి మెడ వంపు ఫోటోలో చూసిన ప్రతిసారీ, ఆ వంపు దగ్గర చేసినవారు ఎంతసేపు ఆగి ఉంటారో అనిపిస్తుంది.

ఇక టెడ్డీ విషయానికి వస్తే, ఆ పేరు వెనకనున్న కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1902 నవంబరులో, జనం ‘టెడ్డీ’ అని పిలుచుకునే అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీలో వేటకు వెళ్లి, కట్టేసి ఉన్న ఎలుగుబంటిని కాల్చడానికి నిరాకరించారు. ఆ సంఘటన మీద క్లిఫర్డ్ బెరీమన్ వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో కార్టూను వేశారు. దాన్ని చూసి బ్రూక్లిన్‌లో మోరిస్ మిక్టమ్ దంపతులు ఒక బొమ్మ కుట్టి తమ దుకాణంలో పెట్టారు. దాదాపు అదే సమయంలో జర్మనీలో రిచర్డ్ స్టైఫ్ చేతులూ కాళ్లూ కదిలే ఎలుగుబంటిని రూపొందించారు. నాకు ఎక్కువ ఇష్టమైనది మాత్రం ఆయన మేనత్త మార్గరెట్ స్టైఫ్ కథ. ఆమె 1880లో ఫెల్ట్‌తో ఒక చిన్న ఏనుగును కుట్టారు. అది గుండుసూదులు గుచ్చుకోవడానికి చేసిన మెత్త. పిల్లలు దాన్ని బొమ్మగా తీసుకున్నారు, అక్కడి నుంచి బొమ్మల కంపెనీ పెరిగింది. ఫెల్ట్, సూది, బొమ్మ ఈ మూడూ అప్పటికే ఒకచోట చేరాయన్నమాట.

ఆ తొలి టెడ్డీల నుంచి మాకు వారసత్వంగా వచ్చింది అయిదు కీళ్ల శరీరం. తల, రెండు చేతులు, రెండు కాళ్లు విడివిడిగా చేసి, కీళ్లతో మొండేనికి బిగించాలి. సేకరించేవారి లెక్కలో 5 అంగుళాలు, అంటే సుమారు 12.7 సెంటీమీటర్లు, అంతకు లోబడిన ఎలుగుబంటిని మినియేచర్ అంటారు. నేను దానిలో సగం ఎత్తులో పని చేస్తాను.

ఇప్పుడు అసలు విషయం. సూదులకు గేజ్ అనే కొలత ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 36 గేజ్ సూది ఒక్క పోటుకు ఎక్కువ పోగులను లోపలికి తీసుకుపోతుంది, రూపం త్వరగా వస్తుంది, కానీ పైన పెద్ద రంధ్రాలు మిగులుతాయి. పెద్ద బొమ్మ మీద ఆ రంధ్రాలు కనబడవు. అయిదారు సూదులను ఒకే పిడికి బిగించి గుచ్చినా ఇబ్బంది లేదు. 6 సెంటీమీటర్ల ఎలుగుబంటి ముఖం మీద అదే రంధ్రం మశూచి మచ్చలాగా కనబడుతుంది. అందువల్ల మొదట్లో 36, 38 వాడినా, త్వరలోనే 40కీ, చివరికి 42కీ దిగిపోవాలి. సన్నని సూది ఒక్కో పోటుకు కదిలించే పోగులు చాలా తక్కువ, కాబట్టి అదే గట్టిదనం రావాలంటే పోట్లు ఎన్నో రెట్లు పెరగాలి. ఒక్క తలకే వేల పోట్లు పడతాయి. బొమ్మ చిన్నదయ్యేకొద్దీ ఉన్ని తగ్గుతుంది, గ్రాము ఉన్నికి పట్టే సమయం పెరుగుతుంది. పిట్ట కొంచెం కూత ఘనం అన్న మాట ఈ పనికి అచ్చంగా సరిపోతుంది.

ఉన్ని ఎంపిక గురించి క్లుప్తంగా చెబుతాను. ఏకిన ఉన్నిలో పోగులు అన్ని దిక్కులకూ పోతుంటాయి కాబట్టి త్వరగా పట్టుకుంటాయి, లోపలి శరీరానికి అది మంచిది. దువ్విన ఉన్నిలో పోగులన్నీ ఒకే దిక్కుకు ఉంటాయి, అది బొచ్చు పెట్టడానికి పనికి వస్తుంది. బాగా మెత్తగా ఉంటుందని మెరినో జాతి గొర్రెల సన్నని ఉన్నితోనే మొత్తం చేయబోయి విసిగిపోయిన కొత్తవారిని చాలామందిని చూశాను. లోపల కాస్త ముతక ఉన్ని ఉండనివ్వండి. మరొక మాట, గుచ్చుతున్నకొద్దీ ఉన్ని కుంచించుకుపోతుంది కాబట్టి కావలసిన పరిమాణం కన్నా పెద్దదిగా మొదలుపెట్టాలి.

ముఖం దగ్గర మాత్రం కాస్త ఆగుతాను. ఈ తల వెడల్పు 2 సెంటీమీటర్లు. కళ్లు నల్లటి గాజు పూసలు, ఒక్కొక్కటి 2 మిల్లీమీటర్లు. వాటిని కుట్టే ముందు నల్ల తల ఉన్న గుండుసూదులు రెండు గుచ్చి, బొమ్మను చేతిదూరంలో పెట్టి చూస్తాను. కళ్లు మూతికి దగ్గరగా, ఒకదానికొకటి దూరంగా ఉంటే పసితనం వస్తుంది. ఒక్క మిల్లీమీటరు పైకి జరిపితే అదే ముఖం పెద్దవాడి ముఖం అవుతుంది. రెండింటిలో ఒకటి అర మిల్లీమీటరు పక్కకు పోతే ఎలుగుబంటి ఏదో అనుమానపడుతున్నట్టు ఉంటుంది. 30 సెంటీమీటర్ల బొమ్మలో ఆ తేడా ఎవరి కంటా పడదు. సరైన చోటు దొరికాక, అక్కడ సూదితో గుంట చేసి, పూసను మైనం పట్టించిన గట్టి దారంతో తల వెనక నుంచి లాగి ముడి వేస్తాను. దారం లాగినప్పుడు పూస గుంటలోకి కూర్చుని, పైన కనురెప్ప వంటి నీడ ఒకటి ఏర్పడుతుంది. ఆ నీడ పడిన క్షణంలో అది ఉన్ని ముద్ద కాకుండా పోతుంది. ఇన్నేళ్లయినా ఆ క్షణం కోసమే ఈ పనికి కూర్చుంటానని చెప్పడానికి నేనేమీ సంకోచించను.

గట్టిదనం గురించి నాకు పాఠం నేర్పినది ఒక తిరిగివచ్చిన బొమ్మ. కొత్తలో, పైపొర నున్నగా కనబడగానే పని అయిపోయిందనుకొనేదాన్ని. అలా చేసిన ఒక తేనెరంగు ఎలుగుబంటి నాలుగు నెలలకు ఒక చెయ్యి వేలాడుతూ తిరిగి వచ్చింది. విప్పి చూస్తే, కీలు కోసం మొండెం ఈ పక్క నుంచి ఆ పక్కకు తీసిన దారం, లోపల మెత్తగా ఉండిపోయిన ఉన్నిని కోసుకుంటూ పోయి దారి చేసుకుంది. పైన అందంగానే ఉంది, లోపల పట్టు లేదు. కొన్నవారు ఒక్క పరుషమైన మాట అనలేదు, "దీనికి చెయ్యి నొప్పి పుట్టినట్టుంది" అని చిన్న కాగితం మాత్రం పెట్టి పంపారు. ఆనాటి నుంచి ప్రతి మొండేన్నీ కీళ్లు వేయకముందు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా నొక్కుతాను. నొక్కు పడి అలాగే నిలిచినా, లోపల బోలుగా తగిలినా మళ్లీ సూది పడుతుంది. ఈ ఒక్క పరీక్ష వల్ల నా పని సమయం దాదాపు మూడో వంతు పెరిగింది.

ఇప్పుడు ధర. నేను చేసే ఎలుగుబంటికి పట్టే ఉన్ని నాలుగైదు గ్రాములు. పూసలు, దారం, విరిగే సూదులు కూడా కలిపినా ముడిసరుకు ఖర్చు మొత్తం ధరలో చాలా చిన్న భాగం. పట్టే సమయం 12 నుంచి 15 గంటలు. ఎక్కువమంది కొత్తవారు ముడిసరుకు ఖర్చును రెండింతలో మూడింతలో చేసి అదే ధర అంటారు. ఆ లెక్కతో అమ్మితే మీ గంటకు దాదాపు ఏమీ మిగలదు. గంటకు మీకు ఎంత రావాలో ముందు నిర్ణయించుకోండి, దాన్ని నిజంగా పట్టిన గంటలతో గుణించండి. దానికి ముడిసరుకు, ప్యాకింగ్, అమ్మకపు వేదిక తీసుకునే రుసుము కలపండి. ఫోటోలు తీసే సమయమూ, ఉత్తరాలకు జవాబులు రాసే సమయమూ కూడా పనిగంటలే. ఎవరైనా దుకాణదారు మీ బొమ్మలు పెట్టుకుంటానంటే, ధరలో మూడో వంతు నుంచి సగం దాకా వారి వాటాగా పోవచ్చునని లెక్కలో ముందే ఉంచుకోవాలి. దుకాణంలో ఒక ధర, మీ దగ్గర అంతకన్నా తక్కువ ధర పెడితే ఆ దుకాణదారు మిమ్మల్ని మళ్లీ పిలవరు, పిలవకపోవడం న్యాయం కూడా.

అలా వచ్చిన ధర చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. మొహమాటం కొద్దీ ధర కోసుకున్నవారు, ఆ తరువాత తెలియకుండానే పోట్లు కోసుకుంటారు. 15 గంటల బొమ్మ 8 గంటలకు దిగుతుంది, నాలుగు నెలలకు చెయ్యి వేలాడుతుంది. ధర తగ్గించే బదులు సమయాన్ని కొనేవారికి చూపించండి. నేను ప్రతి బొమ్మతోనూ ఒక చిన్న చీటీ ఇస్తాను. అందులో పేరు, వరుస సంఖ్య, పూర్తి చేసిన తేదీ, ఎత్తు, వాడిన ఉన్ని, పట్టిన గంటలు ఉంటాయి. సేకరించేవారు ఎలుగుబంటిని కొన్నామనరు, దత్తత తీసుకున్నామంటారు. దత్తత తీసుకునేవారికి పుట్టుపూర్వోత్తరాలు తెలియాలి కదా. ప్రదర్శనల్లో సగం గుచ్చిన తల ఒకటి పట్టుకొని బల్ల దగ్గర పని చేస్తూనే ఉంటాను. పది నిమిషాలు నిలబడి చూసినవారు ధర గురించి రెండోసారి అడగడం చాలా అరుదు.

ఫోటో విషయంలో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. దగ్గర నుంచి తీసిన ఫోటోలో 6 సెంటీమీటర్ల బొమ్మ 60 సెంటీమీటర్ల బొమ్మలాగా కనబడుతుంది. పక్కన వేలో, అగ్గిపెట్టో, పెన్సిలో తప్పక ఉండాలి, నిలబడిన ఎత్తూ కూర్చున్న ఎత్తూ రెండూ రాయాలి. పెట్టె తెరిచి నిరాశపడినవారికి ఆ తరువాత ఎంత నచ్చజెప్పినా ఫలితం ఉండదు.

ఒక విషయంలో మాత్రం మీరు ఏ మొహమాటమూ పడవద్దు. ఇవి పసిపిల్లల చేతికి ఇచ్చే బొమ్మలు కావు. అమెరికా భద్రతా నియమాలలో మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలను పరీక్షించడానికి ఒక గొట్టం ఉంటుంది, దాని వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో ఇమిడిపోయే ఏ భాగమైనా గొంతుకు అడ్డుపడగలదని లెక్క. నేను చేసే ఎలుగుబంటి తల, మొండెం, చేతులు, కళ్లు దేనికది అందులో ఇమిడిపోతాయి. యూరోపియన్ యూనియన్ 2009 నాటి బొమ్మల భద్రతా ఆదేశం, 14 ఏళ్లు నిండిన సేకర్తల కోసం చేసిన వస్తువులను, ఆ మాట వాటి మీద గానీ వాటి ప్యాకింగ్ మీద గానీ స్పష్టంగా కనబడేలా రాసి ఉంటే, ఆటబొమ్మల లెక్కలోంచి మినహాయించింది. ఆ మాట నా చీటీ మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాలలో ఉంటుంది. "మా పాప జాగ్రత్తగానే ఆడుకుంటుంది" అని అడిగిన తల్లులకు, మనసు ఒప్పకపోయినా, ఇవ్వనని చెప్పి పంపిన సందర్భాలు ఉన్నాయి.

కొన్నవారికి చెప్పవలసిన జాగ్రత్తలు తక్కువే. నేరుగా ఎండ తగలనివ్వకూడదు, తడపకూడదు. ఉన్నిని తినే చిమ్మటల పిల్లపురుగులు పట్టాయని అనుమానం వస్తే, గాలి చొరని సంచిలో మూసి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచితే సరిపోతుంది. బయటికి తీశాక, సంచి పూర్తిగా గది వేడికి వచ్చేదాకా విప్పకూడదు, లేకపోతే చెమ్మ ఉన్నికే పట్టుకుంటుంది.

ఈ బల్ల మీద రెండు ఎలుగుబంట్లు ఉంచాను. ఒకే ఉన్ని, ఒకే రంగు, ఒకే ఎత్తు. ఒకటి 5 గంటల్లో చేసినది, రెండవది 14 గంటల్లో చేసినది. ఏది ఏదో రాసి పెట్టలేదు. సభ ముగిశాక ఇటు వచ్చి రెంటినీ ఒక్కొక్కటిగా వేళ్ల మధ్య నొక్కి చూడండి. ధర చీటీలు వాటి కింద బోర్లించి ఉన్నాయి, నొక్కిన తరువాతే తిప్పండి.