కొనేముందు వెనక సీట్లో కూర్చోండి

(మధ్యతరహా సెడాన్ కార్ల ఎంపికపై తిరుపతిలో ఒక కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

పది లక్షల పైన, ఇరవై లక్షల లోపల సెడాన్, అంటే వెనక డిక్కీ విడిగా ఉండే కారు, కొనాలనుకునే కుటుంబం ఏం చూసి కొనాలో చెప్పమని సంఘం వాళ్లు అడిగారు. ఆటోమొబైల్ ఇంజినీరింగ్ పాఠాలు చెప్పడం నా వృత్తి. ఏ కంపెనీతోనూ నాకు సంబంధం లేదు. అందుకే మొహమాటం లేకుండా మాట్లాడతాను.

షోరూమ్‌కి పోయినప్పుడు మనం చేసే పని గమనించండి. ఇంట్లో కారు నడిపే మనిషి స్టీరింగ్ ముందు కూర్చుంటాడు. సేల్స్ అబ్బాయి పెద్ద స్క్రీన్ చూపిస్తాడు, సన్‌రూఫ్ తెరిచి చూపిస్తాడు. అమ్మ, నాన్న, అవ్వ పక్కన సోఫాలో కూర్చుని కాఫీ తాగుతుంటారు. అరగంటలో అడ్వాన్స్ కట్టేస్తాం. కానీ మన ఊళ్లలో ఆ కారు చేసే పనేమిటి? తిరుమల కొండకు పోవాలి, కాణిపాకం పోవాలి, శ్రీకాళహస్తి పోవాలి. వేలూరులోనో చెన్నైలోనో ఆసుపత్రికి పోవాలి. బెంగళూరులో ఉన్న కూతురింటికి పోవాలి. ఇందులో ఏ ప్రయాణం తీసుకున్నా వెనక సీట్లో ముగ్గురుంటారు, వాళ్లలో ఒకరైనా మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటారు. ఆ ముగ్గురి కోసమే ఈ సైజు కారు కొంటున్నాం. నడిపేవాడి సుఖమే ముఖ్యమైతే చిన్న కారు చాలు. కాబట్టి ఎంపిక వెనక సీటు నుంచే మొదలుకావాలి.

ఇప్పుడు మార్కెట్లో ఈ తరగతిలో మనం ప్రధానంగా చూడాల్సినవి నాలుగు. హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా, స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్. మారుతి సియాజ్ 2014 నుంచి నడిచి 2025లో ఆగిపోయింది. ఈ కార్లన్నీ పొడవులో సుమారు నాలుగున్నర మీటర్లు ఉంటాయి. స్లావియా, వర్టస్ ఒకే పునాది మీద కట్టినవి, ఇంజిన్లు కూడా అవే. కాబట్టి ఆ రెంటి గురించి కలిపే చెబుతాను.

ముందు ఎక్కడం, దిగడం. సెడాన్ సీటు నేలకు దగ్గరగా ఉంటుంది. డెబ్బై దాటిన అమ్మ ఎలా ఎక్కుతుందో చూడండి. ముందు వీపు లోపలికి పెట్టి, సీటు మీద కూర్చుని, అప్పుడు ఒక్కో కాలూ లోపలికి తీసుకుంటుంది. అలా కూర్చునేటప్పుడు తల ఎక్కడ తగులుతుంది? వెర్నా పైకప్పు వెనక్కి బాగా వాలుగా వస్తుంది. చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది. కాళ్లు చాపుకోవడానికి చోటు కూడా దండిగా ఉంది, చక్రాల మధ్య దూరం 2,670 మిల్లీమీటర్లు, ఈ నాలుగింటిలో అదే ఎక్కువ. కానీ పొడవైన మనిషి ఎక్కేటప్పుడు తల బాగా వంచాలి, కూర్చున్నాక కూడా పైకప్పు దగ్గరగా ఉంటుంది. సిటీలో ఎక్కడం కొంచెం తేలిక. తలుపు వెడల్పుగా తెరుచుకుంటుంది, తొడల కింద సీటు ఆసరా బాగుంటుంది. మూడు గంటలు కూర్చోవాల్సిన పెద్దవాళ్లకు ఆ ఆసరా విలువ తెలుస్తుంది. అది లేకపోతే మోకాళ్లు పైకి లేచి, బరువంతా నడుం మీద పడుతుంది.

ఇక మధ్యలో కూర్చునే మనిషి. కంపెనీ ఏదైనా ఐదుగురు పడతారనే రాస్తుంది. స్లావియా, వర్టస్‌లలో వెనక సీటును ఇద్దరికి తగ్గట్టు మలిచారు, నేల మధ్యలో గడ్డలా ఎత్తుగా ఉంటుంది. అక్కడ కూర్చున్నవాళ్లు కాళ్లు అటొకటి ఇటొకటి పెట్టుకోవాలి. సిటీలో ఆ ఎత్తు తక్కువ, వెడల్పు కూడా కాస్త ఎక్కువగా అనిపిస్తుంది. మీది నలుగురి కుటుంబమైతే ఇది అసలు సమస్యే కాదు. తరచూ ఐదుగురు తిరిగే ఇల్లయితే మాత్రం, ముగ్గురినీ వెనక కూర్చోబెట్టి పదినిమిషాలు ఊళ్లో తిప్పి చూడకుండా డబ్బు కట్టొద్దు.

ఇప్పుడు మన ఘాట్ రోడ్ల సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను, ఎందుకంటే ఏ రివ్యూలోనూ మన కొండను లెక్కలోకి తీసుకోరు.

1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డులో ఇప్పుడు దిగుతున్నాం, 1974లో వచ్చిన రెండో దాంట్లో ఎక్కుతున్నాం. ఇరవై కిలోమీటర్ల లోపే దాదాపు ఏడు వందల మీటర్ల ఎత్తు ఎక్కాలి. ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, పైన ఏసీ. ఇక్కడ హార్స్ పవర్ కంటే టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, ముఖ్యం, అదీ ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగేటప్పుడు, అంటే ఎన్ని ఆర్‌పీఎం దగ్గర వస్తుందన్నది ఇంకా ముఖ్యం. సిటీ 1.5 లీటర్ పెట్రోల్ ఇంజిన్‌కి 145 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంది, కానీ అది పూర్తిగా అందేది 4,300 ఆర్‌పీఎం దగ్గర. వెర్నాలో టర్బో, అంటే ఇంజిన్లోకి అదనంగా గాలి నెట్టే ఏర్పాటు, లేని 1.5 ఇంజిన్ కూడా ఇంచుమించు అంతే. అంటే మలుపు దగ్గర వేగం తగ్గి మళ్లీ ఎక్కాలంటే గేరు దించాలి, ఇంజిన్ గట్టిగా అరుస్తుంది. స్లావియా, వర్టస్‌ల 1.0 లీటర్ టర్బో చిన్నదే అయినా 178 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, అదీ 1,750 దగ్గర నుంచే. వెర్నా 1.5 టర్బో 253, స్లావియా 1.5 టర్బో 250. ఇవి కొండ ఎక్కుతున్నప్పుడు శ్రమ పడుతున్నట్టే ఉండవు. అయితే నెలకో రెండు నెలలకో ఒకసారి కొండకు పోయే ఇంటికి 1.5 టర్బో అవసరమని నేననుకోను. 1.0 టర్బో చాలు. టర్బో లేని ఇంజిన్లు కూడా ఎక్కుతాయి, ఓపిగ్గా గేరు మార్చుకోవాలి, అంతే.

ఆటోమేటిక్ కావాలనుకునేవాళ్లు ఒక విషయం తప్పకుండా తెలుసుకోవాలి. ఆటోమేటిక్‌లు అన్నీ ఒకటి కావు. సిటీలో సీవీటీ ఉంటుంది, అంటే విడివిడి గేర్ల మెట్లు లేకుండా మెల్లగా మారే రకం. వెర్నా మామూలు పెట్రోల్లో ఐవీటీ అంటారు, అదీ ఆ జాతే. స్లావియా, వర్టస్ 1.0లో టార్క్ కన్వర్టర్ రకం, అది నూనె ద్వారా ఇంజిన్ బలాన్ని గేర్లకు అందిస్తుంది. వెర్నా టర్బోలో, స్లావియా, వర్టస్ 1.5లో రెండు క్లచ్‌లుండే రకం, ఆ క్లచ్‌లు కూడా నూనెలో మునగని పొడి క్లచ్‌లు. హైవే మీద ఈ చివరి రకమంత హాయి మరొకటి ఇవ్వదు. కానీ శనివారం పొద్దున అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర క్యూలో అడుగడుగునా ఆగి కదులుతుంటే, పొడి క్లచ్ సగం పట్టి సగం జారుతూ ఉంటుంది. అరచేతులు రుద్దుకుంటే వేడెక్కినట్టే అదీ వేడెక్కుతుంది. అలాంటి కారున్నవాళ్లు క్యూలో అంగుళం అంగుళం పాకకుండా, ముందు కాస్త ఖాళీ వచ్చాక ఒక్కసారిగా కదలాలి. ఎగువలో యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టకుండా బ్రేకు తొక్కి పట్టుకోవాలి. ఊళ్లో ట్రాఫిక్, కొండ క్యూ, ఈ రెండే ఎక్కువైతే సీవీటీ గానీ టార్క్ కన్వర్టర్ గానీ తీసుకోమని నా సలహా.

దిగేటప్పుడు సంగతి ఇంకా ముఖ్యం. మొదటి ఘాట్‌లో చక్రాల దగ్గర కాలిన వాసనతో పక్కకు ఆపి ఉన్న కార్లను మీరూ చూసుంటారు. తప్పు కారుది కాదు. బ్రేకు మీద కాలు తీయకుండా దిగితే ప్యాడ్లు వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమ వేడికి ఆవిరైతే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. అందుకే రెండేళ్లకొకసారి ఆ ద్రవం మార్పించాలి. రెండో గేరులో, అవసరమైతే మొదటి గేరులో ఇంజిన్ పట్టుతో దిగాలి. ఆటోమేటిక్ కొనేటప్పుడు కింది గేరులో ఉంచే ఏర్పాటు ఎక్కడుందో, స్టీరింగ్ వెనక గేరు మార్చే ప్యాడిల్స్ ఉన్నాయో లేదో షోరూమ్‌లోనే అడిగి, వాడి చూడండి. మొగిలి ఘాట్‌కైనా, భాకరాపేట ఘాట్‌కైనా ఇదే పద్ధతి.

ఈ ధరకే ఎత్తుగా ఉండే ఎస్‌యూవీ వస్తుంది కదా అని చాలామంది అడుగుతారు. నిజమే. ఎక్కడం, దిగడం వాటిలో తేలిక, గుంతల రోడ్లలో నిశ్చింత. మోకాళ్లు బాగా అరిగిపోయిన పెద్దవాళ్లుంటే ఎస్‌యూవీయే కొనండి, నేనూ అదే చెబుతాను. కానీ మలుపుల్లో ఎత్తు బండి ఎక్కువ ఊగుతుంది. సెడాన్ బరువు నేలకు దగ్గరగా ఉండడంవల్ల ఊపు తక్కువ, వెనక కూర్చున్న పిల్లలకు వాంతుల బాధ తగ్గుతుంది. ఇంకోటి, విడిగా ఉండే డిక్కీ. వెర్నాలో 528 లీటర్లు, స్లావియా, వర్టస్‌లలో 521, సిటీలో 506. ఎండాకాలం ఊరి నుంచి మామిడికాయల పెట్టెలు వేసుకొస్తే వాసన, వేడి లోపలికి రావు. గట్టిగా బ్రేకు వేసినా సామాను తలల మీదికి రాదు. భద్రతలో దీన్ని ఎవరూ లెక్కించరు గానీ, నేను లెక్కిస్తాను.

భద్రత అన్నాను కాబట్టి. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ కార్లను గుద్దించి చేసే పరీక్షలో 2023లో స్లావియా, వర్టస్‌లకు పెద్దల భద్రత, పిల్లల భద్రత రెండింటిలోనూ ఐదు నక్షత్రాలు వచ్చాయి. అదే సంవత్సరం వెర్నాకూ ఐదు వచ్చాయి, అయితే దాని బాడీ నిర్మాణం స్థిరంగా లేదని అదే నివేదికలో రాశారు. నక్షత్రాలు చూసి ఆగిపోకుండా ఆ నివేదిక చదవమనేది ఇందుకే. వెర్నా, సిటీ పై వేరియంట్లలో ముందు వాహనానికి దగ్గరైతే తనంతట తానే బ్రేకు వేసే ఏర్పాటు ఉంది. తిరుపతి చిత్తూరు హైవే మీద అది పనికొస్తుంది. ఊళ్ల మధ్య రాంగ్ రూట్‌లో బైకులు వచ్చే చోట అది ఉలిక్కిపడేలా చేస్తుంది, దానికోసమే లక్షలు ఎక్కువ పెట్టొద్దు. వెనక కూర్చున్న ముగ్గురూ బెల్టు పెట్టుకోవడం దానికంటే ఎక్కువ కాపాడుతుంది. అవ్వకు బెల్టు పెట్టి, క్లిప్ నొక్కే పని మనవళ్లకు అప్పగించండి.

సన్‌రూఫ్ గురించి ఒక్క మాట. మే నెల రేణిగుంట ఎండలో పైన అద్దం పనికిరాదు, పైగా తల దగ్గర చోటు తింటుంది. ఆ డబ్బుతో గాలి వచ్చే సీట్లున్న వేరియంట్ దొరికితే అది తీసుకోండి. ఏసీ గాలి వెనకదాకా చేరడానికి ఎంతసేపు పడుతుందో మిట్టమధ్యాహ్నం టెస్ట్ డ్రైవ్‌లో చూడండి. సాయంత్రం ఆరింటికి చూస్తే ఏ కారైనా చల్లగానే ఉంటుంది.

ఇక డబ్బు. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ మారింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న కార్లకు 18 శాతం, మిగతా పెట్రోల్ కార్లకు 40. మన సెడాన్లకు అంతకుముందు అదనపు పన్నైన సెస్‌తో కలిపి 45 ఉండేది, కాబట్టి తగ్గిందనే చెప్పాలి. స్లావియా 1.0 ఇంజిన్ చిన్నదే అయినా పొడవు నాలుగు మీటర్లు దాటింది, దానికీ 40 శాతమే. మారుతి డిజైర్ లాంటి చిన్న సెడాన్లు 18లో పడతాయి, అందుకే ధరలో అంత తేడా. నలుగురి కుటుంబం, ఊళ్లోనే ఎక్కువ తిరుగుడు అయితే డిజైర్ చూడడంలో నామోషీ ఏమీ లేదు, డిక్కీ చిన్నది, 382 లీటర్లు.

హైబ్రిడ్ సిటీ, అంటే పెట్రోల్ ఇంజిన్ తో పాటు బ్యాటరీ, మోటార్ కూడా ఉన్న సిటీ, దాని మైలేజీ గురించి చాలామంది అడుగుతున్నారు. కాగితం మీద లీటరుకు 27 కిలోమీటర్లంటారు. లెక్క వేద్దాం. మామూలు ఆటోమేటిక్ మీ చేతిలో 14, హైబ్రిడ్ 21 ఇస్తుందనుకోండి. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగితే మిగిలేది 238 లీటర్లు. లీటరు 110 రూపాయల లెక్కన 26 వేలు. రెండు కార్ల మధ్య తేడా మూడున్నర లక్షలుంటే అది తిరిగి రావడానికి పదమూడేళ్లు. ఏడాదికి ముప్పైవేలు తిరిగేవాళ్లకైతే నాలుగున్నరేళ్లలో వస్తుంది, వాళ్లు తప్పకుండా చూడాలి. బ్యాటరీ వెనక పెట్టడంవల్ల డిక్కీ 306 లీటర్లకు తగ్గిందని కూడా గుర్తుంచుకోండి. మన జిల్లాలవాళ్లు తమిళనాడు, కర్ణాటక వైపు పోయినప్పుడు అక్కడే ట్యాంకు నింపుకోవడం అలవాటే, ధర తక్కువ కాబట్టి. అదీ లెక్కలో వేసుకోవచ్చు.

సగం ధరలో సియాజ్ లాంటి పాత కారు చూస్తామనేవాళ్లకు, దాని వెనక సీటు చోటు ఇప్పటికీ గొప్పదే. కానీ ఎయిర్‌బ్యాగులు రెండే. నేనైతే పిల్లలున్న ఇంటికి సిఫారసు చేయను.

నన్ను ఒక్కటి చెప్పమంటే, ఐదుగురు తిరిగే ఇంటికి సిటీ మధ్య వేరియంట్, నలుగురే అయితే స్లావియా లేదా వర్టస్ 1.0 అంటాను. ఫీచర్లు ఎక్కువ కావాలి, ఇంట్లో ఎవరూ మరీ పొడవు కాదు అనుకుంటే వెర్నా. నిర్ణయం తీసుకునేముందు మీకు దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఎవరిదుందో, మామూలు సర్వీస్‌కి ఎంతవుతుందో ఆ కారున్నవాళ్లనే అడగండి. ఆన్ రోడ్ ధర కాగితం మీద రాయించుకోండి, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, మీరు అడగని యాక్సెసరీలు విడివిడిగా కనబడాలి. ఇన్సూరెన్స్ బయట తీసుకుంటామని చెప్పే హక్కు మీకుంది. కారు తయారైన నెల, సంవత్సరం చూశాకే మిగతా డబ్బు కట్టండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. ఎవరైనా ఇప్పటికే కొటేషన్ తీసుకునుంటే తీసుకురండి, కూర్చుని కలిసి చూద్దాం.