పొగ పోలేదు, డబ్బులు మాత్రం పోగయ్యాయి! కార్బన్ పొయ్యిల బాగోతం

తొమ్మిది రెట్లండీ, తొమ్మిది రెట్లు! పది రూపాయల సరుక్కి తొంభై బిల్లు వేసే కొట్టుకి మళ్లీ పోతామా? పేదింటి పొయ్యి పేరు మీద జరిగింది ఇదే.

గొడవేంటో రెండు ముక్కల్లో చెప్పేస్తా. ఆఫ్రికాలోనో మన దగ్గరో పల్లెల్లో 'పొగ తక్కువ పొయ్యి' పంచుతారు. కట్టెలు మిగిలాయి, అడవి మిగిలింది అని లెక్క రాస్తారు. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ ఆగితే ఒక క్రెడిట్. దాన్ని ఎక్కడో విమానాల కంపెనీ కొనుక్కుని, మా వల్ల భూమికి హాని లేదని బోర్డు పెట్టుకుంటుంది. 2024 జనవరిలో బర్కిలీ యూనివర్సిటీ వాళ్లు ఈ లెక్కలు తిరగేస్తే, వాళ్లు చూసిన ప్రాజెక్టుల్లో నిజంగా తగ్గినదానికి 9.2 రెట్లు క్రెడిట్లు పుట్టించారని తేలింది.

ఎలా పుట్టించారు? కొత్త పొయ్యి ఇచ్చాం కాబట్టి ఆవిడ రోజూ దాని మీదే వండుతుంది, పాతది అవతల పారేసింది అని! వీళ్లలో ఒక్కరైనా పల్లెటూరి వంటింట్లోకి తొంగి చూశారా? ఆ ఇనుప పొయ్యి మూతి ఇంతే ఉంటుంది. లావు కట్టె పట్టదు, సన్నగా పుల్లలు చెయ్యాలి. గొడ్డలి పట్టుకుని చీల్చేదెవరు? ఆవిడే. పెద్ద గిన్నె పెడితే ఊగిపోతుంది. జొన్నరొట్టె వేస్తే నడిమధ్య మాడుతుంది, అంచులు పచ్చిగానే ఉంటాయి. దాంతో స్నానాల నీళ్లు, గొడ్లకి ఉలవలు అన్నీ పక్కనున్న మూడు రాళ్ల పొయ్యి మీదే. రెండూ మండుతున్నాయి, క్రెడిట్లు మాత్రం ఒకదానికే రాస్తున్నారు!

పక్కనున్న ఒడిశాలో పరిశోధకులు ఇలాంటి మెరుగైన పొయ్యిలు పంచిన చోట ఏళ్ల తరబడి ఇల్లిల్లూ తిరిగి చూశారు. అందులో 2019లో నోబెల్ వచ్చిన ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో కూడా ఉన్నారు. మొదటి ఏడాది పీల్చే పొగ కాస్త తగ్గింది, తర్వాత మళ్లీ మామూలే. అంతకుముందు 1980ల్లో కేంద్రమే మెరుగైన పొయ్యిలని కోట్లలో పంచి, 2002లో చేతులు దులుపుకుంది. ఇదంతా ముందే ఉండగా, క్రెడిట్ల వాళ్లు తెలియక చేశారంటారా?

నా అనుమానం వేరే. పొయ్యినే ఎందుకు పట్టుకున్నారు? కొలవలేం కాబట్టి! సిలిండర్లయితే ఏజెన్సీ దగ్గర లెక్కుంటుంది, కరెంటుకి మీటరుంది. కట్టెలకి మీటరేది? అదే బర్కిలీ లెక్కలో, ఇంధనాన్ని కొలిచి క్రెడిట్ ఇచ్చే పద్ధతిలో తేడా 1.5 రెట్లే. కొలిస్తే దొరికిపోతారు మరి! 2024 అక్టోబరులో ఓ పొయ్యిల కంపెనీ మాజీ పెద్దాయన మీద న్యూయార్క్‌లో కేసు కూడా పడింది, సర్వే అంకెలు మార్చారని. ఆరోపణే లెండి, ఆయన కాదన్నాడు.

ఇక్కడ వంటింటి పొగకి ప్రపంచంలో ఒక్క 2020లోనే 32 లక్షల మంది పోయారని డబ్ల్యూహెచ్‌ఓ మొత్తుకుంది. 2016లో మొదలైన ఉజ్వల కనెక్షన్లు 10 కోట్లు దాటాయి, కానీ ఇంటికి ఏడాదికి సగటున నాలుగు, నాలుగున్నర సిలిండర్లే. మిగతా నెలలు కట్టెలే కదా! ఆ క్రెడిట్ల డబ్బేదో ఐదో సిలిండరుకి, ఆరో సిలిండరుకి పెట్టొచ్చుగా?

'గ్యాసూ పెట్రోలియమే కదన్నా' అని కింద రాస్తారు, తెలుసు. విమానంలో తిరిగేవాడికి లేని నీతి అన్నం వండుకునే ఆవిడకెందుకయ్యా?

మీ ఊళ్లో ఆ పొయ్యిలు పంచారా? ఇప్పుడది అటక మీదుందో, కోళ్లగూడైందో ఫొటో పెట్టండి. వచ్చే వీడియోలో అన్నీ చూపిస్తా.