గల్లాపెట్టె లెక్క ఒక్కటే చూడకండి

అందరికీ నమస్కారం.

ట్రేడ్ షోలో స్టాల్ పెట్టి వచ్చినవాళ్లని ఎలా జరిగిందని అడిగితే, గల్లాపెట్టెలో ఎంత పడిందో చెబుతారు. ఆ లెక్క చూస్తే చాలాసార్లు నష్టమే కనిపిస్తుంది. స్టాల్ అద్దె, ప్రయాణం, లాడ్జి ఖర్చు కలిపితే, కిలో కొర్రల ప్యాకెట్లు అమ్మి అదంతా రాబట్టడం కష్టం. కానీ అక్కడికి ఆర్గానిక్ షాపులవాళ్లు, డిస్ట్రిబ్యూటర్లు, ఎగుమతిదారులు వస్తారు. వాళ్లలో ఒక్కరు నెలనెలా సరుకు తీసుకుంటే చాలు, చిన్న యూనిట్ నిలదొక్కుకుంటుంది.

అలాంటి మనిషి స్టాల్ దగ్గర ఏం చేస్తాడో గమనించండి. ప్యాకెట్ చేతిలోకి తీసుకోగానే వెనక్కి తిప్పుతాడు. మనం ముచ్చటపడి ముందువైపు వేయించిన ఎద్దుల బొమ్మ మీద చూపు ఆగదు. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూస్తాడు. ప్యాకెట్ నొక్కి, సీలు దగ్గర గాలి పోతోందేమో చూస్తాడు. ధర మాట ఆ తర్వాతే. మాకు మార్జిన్ ఎంత, నెలకు ఎంత సరుకు ఇవ్వగలరు, రవాణా ఎవరు భరించాలి అంటాడు. తడుముకోకుండా జవాబు చెప్పేలా లెక్కలు వేసుకుని వెళ్లాలి.

సజ్జపిండి సంగతే తీసుకోండి. సజ్జల్లో నూనె ఎక్కువ కాబట్టి పిండి పట్టించిన కొద్ది రోజులకే ముక్కవాసన వస్తుంది, చేదెక్కుతుంది. ఊళ్లో పట్టించిన వెంటనే రొట్టెలు చేసుకుంటాం గనక మనకది పట్టింపు లేదు. నెలల తరబడి అరలో పెట్టి అమ్మాల్సిన షాపువాళ్లకు మాత్రం అదే పెద్ద టెన్షన్. గింజలే ఇమ్మనో, ఆర్డరు వచ్చాకే పట్టించమనో వాళ్లే చెబుతారు. నా దృష్టిలో ఆ రోజు అమ్మకం కంటే ఈ మాట విలువైనది.

సర్టిఫికెట్ విషయం కూడా అక్కడే తేలుతుంది. 2017 ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం ఆర్గానిక్ పేరుతో అమ్మాలంటే, బయటి సంస్థ తనిఖీ చేసి ఇచ్చే ఎన్‌పీఓపీ గానీ రైతుల గుంపులో ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుని పొందే పీజీఎస్-ఇండియా గానీ, ఏదో ఒక సర్టిఫికెట్ ఉండాలి. తినేవాళ్లకు నేరుగా అమ్ముకునే చిన్న రైతులకు మినహాయింపు ఉంది గానీ, వాళ్లు ఆర్గానిక్ సరుకుపై వేసే అధికారిక ‘జైవిక్ భారత్’ గుర్తు వేసుకోకూడదు. దేశం లోపల అమ్మడానికి పీజీఎస్ చాలు, ఎగుమతి చేయాలంటే ఎన్‌పీఓపీ కావాలి.

జర్మనీలో 1990లో మొదలై, 1999 నుంచి న్యూరెంబర్గ్‌లో జరుగుతున్న బయోఫాక్ అనే ఆర్గానిక్ ట్రేడ్ షో గురించి మీలో చాలామంది వినే ఉంటారు. అది వ్యాపారుల కోసమే. వ్యవసాయ ఎగుమతులను ప్రోత్సహించే కేంద్ర సంస్థ అపెడా మన ఎగుమతిదారులను అక్కడికి తీసుకెళ్తుంది. కొత్తవాళ్లు మాత్రం దగ్గర్లోనే మొదలుపెట్టండి. బెంగళూరులో కర్ణాటక ప్రభుత్వం పెట్టే ఆర్గానిక్స్, మిల్లెట్స్ అంతర్జాతీయ మేళా మనకు ఒక రాత్రి ప్రయాణం.

ఖర్చు ఒక్కరే మోయక్కర్లేదు. చిరుధాన్యాల సంఘం, గానుగ నూనెవాళ్లు, బెల్లం చేసేవాళ్లు కలిసి ఒకే స్టాల్ తీసుకోండి. నాలుగు రకాల సరుకు ఒకేచోట దొరికితే కొనేవాళ్లకూ సులువు.

స్టాల్‌కి వచ్చినవాళ్లు ఇచ్చిన ప్రతి విజిటింగ్ కార్డు వెనక, వాళ్లు ఏం అడిగారో అప్పటికప్పుడే రాసుకోండి. తిరిగొచ్చిన వారంలోపే శాంపిల్ పంపండి. శాంపిల్ కోసమని ప్రత్యేకంగా గింజలు ఏరకండి, రేపు ఆర్డరుకు లోడ్ చేయబోయే బస్తాలోంచే తీసి పంపండి.