మార్కు 11లో 24వ వచనం చదివారు సరే, 25 ఎందుకు వదిలేశారు అయ్యగారూ?

ఆ స్వస్థత సభ వీడియో మీ ఫోనుకూ వచ్చే ఉంటుంది. "మీ ఇంట్లో రోగం తగ్గలేదంటే మీ విశ్వాసంలోనే లోపం ఉంది" అని ఒక బోధకుడు గర్జిస్తాడు, జనం ఆమేన్ అంటారు. ఆయన చదివింది మార్కు సువార్త 11వ అధ్యాయం, 24వ వచనం. ప్రార్థనలో అడిగినవన్నీ దొరికాయని నమ్మండి, దొరుకుతాయి అనే మాట. అంతే, బైబిలు మూసేశాడు.

మరి 25వ వచనం ఏమైంది? ప్రార్థనకు నిలబడినప్పుడు ఎవరి మీదైనా మీకు విరోధం ఉంటే వాళ్లను క్షమించండి అని యేసు వెంటనే అన్నాడు కదా! నా మాట సూటిగా వినండి. 24ను గోడల మీద రాయించి 25ను దాచేయడం వల్లే మన సంఘాల్లో ప్రార్థన బేరమైపోయింది.

రోగం తగ్గకపోతే విశ్వాసం లోపమట, అదీ మన శ్రీకాకుళం జిల్లాలోనా ఈ మాట అనడం! ఉద్దానం వైపు, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఊళ్లకు వెళ్లి చూడండి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరవాల్సి వచ్చిందంటే ఆ జబ్బు ఎన్ని ఇళ్లను పట్టుకుందో ఆలోచించండి. డయాలసిస్ చేయించుకుని, గోడ పట్టుకుని ఇంట్లోకి నడిచే మనిషితో నీకు విశ్వాసం తక్కువ అంటారా? బైబిలులో రోగంతో, కష్టాలతో నలిగిపోయిన యోబు స్నేహితులు చేసింది అచ్చంగా ఇదే. తప్పంతా నీదే అని రోగినే నిలదీశారు. చివరికి దేవుడు కోపగించుకున్నది వాళ్ల మీద. యోబు గ్రంథం 42వ అధ్యాయం తీయండి: తనను అంతగా బాధపెట్టిన ఆ స్నేహితుల కోసం యోబు ప్రార్థించినప్పుడే అతని స్థితి మారింది. చూశారా, మళ్లీ 25వ వచనమే!

ఇక అపొస్తలుడైన పౌలు సంగతి. శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, నా కృప నీకు చాలు అనే జవాబు వచ్చింది. పౌలుకూ విశ్వాసం తక్కువేనా అయ్యగారూ?

మత్తయి సువార్త 18లో యేసు చెప్పిన కథలో రాజుకు బాకీపడిన దాసుడు మీకు తెలుసు. పదివేల తలాంతులు! ఒక దేనారం అంటే ఒక రోజు కూలి. తలాంతుకు ఆరువేల దేనారాలు. అంటే 6 కోట్ల రోజుల కూలి! ఎన్ని జన్మలెత్తినా తీరదు. అతను అడిగింది గడువే, కాస్త ఓర్చుకో, అంతా తీర్చేస్తాను అని. రాజు అప్పే కొట్టేశాడు. బయటికి వచ్చి అతను చేసిందేమిటి? తనకు నూరు దేనారాలు ఇవ్వాల్సిన తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు. ఆ దాసుడూ అదే మాట అన్నాడు, కాస్త ఓర్చుకో అని. రాజు ముందు తాను చేసిన ప్రార్థనే తన కాళ్ల దగ్గరికి వచ్చింది. వినలేదు, చెరసాలలో వేయించాడు.

మన దగ్గర ఇది జరగడం లేదా? పొలం గట్టు దగ్గర తగాదా పడిన అన్నదమ్ములు ఒకే ప్రార్థన మందిరంలో ఏళ్ల తరబడి మాట్లాడుకోకుండా కూర్చుంటారు. ఇద్దరూ ఉపవాస ప్రార్థనకు వస్తారు, ఇద్దరూ కన్నీళ్లు పెట్టుకుంటారు. వాళ్లను ఒకచోట కూర్చోబెట్టాల్సిన బోధకుడు మైకు పట్టుకుని రోగుల విశ్వాసాన్ని కొలుస్తున్నాడు!

మీ సంఘంలో 25వ వచనం మీద చివరిసారి ఎప్పుడు ప్రసంగం విన్నారో కింద రాయండి. ఊరి పేరు కూడా రాయండి. అన్నీ చదువుతాను.