పోర్ట్రెయిట్‌లో ముఖం మనవైపు తిప్పింది ఎవరు?

రినైసెన్స్ (15, 16 శతాబ్దాల యూరప్ కళ) పోర్ట్రెయిట్ అనగానే అందరూ తిన్నగా మోనాలిసా దగ్గరికి వెళ్లిపోతారు. ముఖాన్ని మనవైపు తిప్పింది కూడా లియొనార్డోయే అనేస్తారు. ఆ మాట వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ పని అంతకు డెబ్బై ఏళ్ల ముందే, ఫ్లాండర్స్‌లో (ఇప్పటి బెల్జియం వైపు) జరిగిపోయింది!

అప్పట్లో ఇటలీలో గొప్పవాళ్ల బొమ్మంటే పక్కనుంచి వేయడమే పద్ధతి. రోమన్ నాణేల మీద చక్రవర్తులు అలాగే ఉండేవారు మరి. పియెరో దెల్లా ఫ్రాంచెస్కా వేసిన ఉర్బీనో డ్యూక్ ఫెదెరీకోని చూడండి, అచ్చం నాణెమే. గుర్రాల మీద ఈటెల పోటీలో కుడి కన్ను పోయింది కాబట్టి ఆయనకు ఆ పోజు కలిసొచ్చింది కూడా. నాణెం మీద మనిషిని మనం గుర్తుపడతాం. అతను మాత్రం మనల్ని చూడడు.

ఇప్పుడు ఫ్లాండర్స్ చిత్రకారుడు యాన్ వాన్ ఐక్ వేసిన ఎర్ర తలపాగా మనిషి దగ్గరికి రండి. లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. తేదీ ఫ్రేము మీదే రాశాడు: 1433 అక్టోబర్ 21. ముఖం సగానికి పైగా ఇటు తిరిగి ఉంటుంది, కళ్లు సూటిగా మన మీదే. దగ్గరికెళ్తే గడ్డం మీద అప్పుడే మొలుస్తున్న వెంట్రుకలు, కంటి తెల్లగుడ్డులో సన్నటి ఎర్ర నరాలు. నాణెం మీదున్న మనిషి లేచి ఇటు తిరిగితే ఇలా ఉంటాడు!

ఇది ఆయిల్ పెయింట్ మహిమ. గుడ్డుసొనలో కలిపిన రంగు ఇట్టే ఆరిపోతుంది. నూనె రంగు నిదానంగా ఆరుతుంది కాబట్టి పల్చటి పొరల మీద పొరలు వేస్తూ నీడల్ని కలుపుకోవచ్చు. ఆయిల్ పెయింట్ కనిపెట్టింది వాన్ ఐకే అని 1550లో చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి రాశాడు. తప్పు. అది అంతకు ముందూ ఉంది. దాన్ని ఆ స్థాయికి తీసుకెళ్లింది వాన్ ఐక్, ఆ ఘనత చాలదా?

టైమ్ అయిపోతోంది, మిగతాది చకచకా చెప్పేస్తా. 1475లో ఇటలీ చిత్రకారుడు ఆంతొనెల్లో ద మెస్సీనా వెనిస్ వెళ్లి ఇదే పద్ధతిలో పోర్ట్రెయిట్లు వేశాడు. ఆ దశకంలోనే ఫ్లారెన్స్‌లో లియొనార్డో జినెవ్రా దె బెంచీ అనే అమ్మాయి ముఖాన్ని ఇటు తిప్పాడు. 1503 ప్రాంతంలో మొదలుపెట్టిన మోనాలిసాలో నడుముదాకా మనిషిని, చేతుల్ని కూడా తెచ్చాడు, అంచులు పొగలా కరిగించాడు. కుర్ర రఫాయెల్ వెంటనే ఆ పోజు అందుకుని మద్దలేనా దోనీ అనే ఆవిడ బొమ్మ వేశాడు. చేతులు చూడండి, అలాగే ఒకదాని మీద ఒకటి!