వంశంలో క్యాన్సర్: మనం అడగని ప్రశ్న

సభలో ఉన్న డాక్టర్లందరికీ నమస్కారం. ఇక్కడ గైనకాలజిస్టులు, సర్జన్లు, జనరల్ ప్రాక్టీసు చేసేవాళ్లు ఉన్నారు. అందుకని ల్యాబ్ సంగతులు తగ్గించి మన ఓపీ సంగతులే మాట్లాడతాను.

క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి సుమారు 5 నుంచి 10 శాతం. ఆ కొద్దిమందికి మాత్రం ముప్పు చాలా ఎక్కువ. బీఆర్‌సీఏ1 జన్యువులో హానికరమైన మార్పు ఉన్న స్త్రీకి 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 70 శాతం దాకా ఉంటుంది, అండాశయ క్యాన్సర్‌కు 40 శాతం పైమాటే. ఆ జన్యువును 1994లో, అలాంటిదే మరో జన్యువు బీఆర్‌సీఏ2ను 1995లో గుర్తించారు. అండాశయ క్యాన్సర్ వచ్చిన ప్రతి స్త్రీకీ ఈ జన్యువుల్లో మార్పు ఉందేమో చూసే టెస్టు చేయించాలని గైడ్‌లైన్లు చెబుతున్నాయి. అయినా ఎంతోమంది కీమో అంతా ముగించుకుని ఇంటికి వెళ్లిపోతారు, టెస్టు మాట ఎవరూ ఎత్తరు.

ఖర్చు ఒక కారణమే, కాదనను. కానీ తోటి డాక్టర్ల నోట నేను ఎక్కువగా వినే మాట ఇది: "పెళ్లి కావాల్సిన పిల్లలున్న ఇల్లు, ఎందుకు లేనిపోని టెన్షన్?" పేషెంటు ఆ మాట అననే లేదు. ఆమెను అడగకుండా ఆమె తరఫున మనమే తేల్చేశాం. నాకు బాధ కలిగించేది అదే.

హిస్టరీ తీసుకునే తీరు చూడండి. "ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందామ్మా?" అంటే "లేదండీ" అంటుంది. అదే "మీ నాన్నగారి అక్కచెల్లెళ్లు ఎంతమంది? ఎవరైనా చిన్న వయసులో పోయారా?" అని అడగండి. కాసేపు ఆలోచించి, "మా మేనత్త ఒకావిడ కడుపులో నీళ్లు చేరి పోయిందండీ" అంటుంది. నీళ్లు తీయించినా మళ్లీ చేరేవట, లివర్ అనుకున్నారట. అది అండాశయ క్యాన్సర్ అయి ఉండొచ్చు. మార్పు తండ్రి వైపు నుంచీ వస్తుంది, ఆయనకు ఏ జబ్బూ ఉండకపోవచ్చు. పైగా మన రెండు రాష్ట్రాల్లో గర్భసంచి ఆపరేషన్లు చాలా ఎక్కువ. వాటితోపాటు అండాశయాలూ తీసేసి ఉంటే, రావాల్సిన క్యాన్సర్ రాక, వంశంలో ఏమీ లేనట్టే కనిపిస్తుంది.

"తెలిస్తే మాత్రం ఏం చేస్తాం?" అనేవాళ్లున్నారు. చాలానే చేస్తాం. పేషెంటుకైతే ఒలాపారిబ్ లాంటి మందులున్నాయి, అది అమెరికాలో 2014లోనే ఆమోదం పొందింది. ఇంకా జబ్బు రాని చెల్లెలికి మార్పు ఉంటే ఏటా ఎంఆర్ఐ చేయించవచ్చు. బీఆర్‌సీఏ1 అయితే పిల్లలు పుట్టాక 35, 40 ఏళ్ల మధ్య అండాశయాలు, ట్యూబులు తీయించుకోమని చెప్పవచ్చు. ఆ ఆపరేషన్ అండాశయ క్యాన్సర్ ముప్పును చాలావరకు తగ్గిస్తుంది. చెల్లెలికి ఆ మార్పు లేదని తేలే అవకాశమూ సగం ఉంది. ఆ నిశ్చింత కూడా మనం ఇవ్వగలిగిందే.

టెస్టు రాసేసి ఊరుకోవడమూ తప్పే. రిపోర్టులో కొన్నిసార్లు "వీయూఎస్" అని వస్తుంది, అంటే ఆ మార్పు హానికరమో కాదో ఇంకా తేలలేదని. ప్రపంచంలో పోగైన సమాచారం ఎక్కువగా యూరప్ మూలాలున్నవాళ్లది కాబట్టి మనవాళ్లకు ఈ ఫలితం మరింత తరచుగా వస్తుంది. అమెరికాలో 2017లో వెలువడిన ఒక అధ్యయనంలో, రొమ్ము క్యాన్సర్ కేసులు తక్కువగా చూసే సర్జన్లలో సగం మంది వీయూఎస్‌ను కూడా పాజిటివ్ లాగే చూస్తామన్నారు. ఆ కారణంగా ఆరోగ్యంగా ఉన్న రొమ్ము తీసేస్తే మళ్లీ తెచ్చివ్వలేం. వీయూఎస్ వస్తే కుటుంబ చరిత్రను బట్టే నడవాలి, కొన్నేళ్లకు ల్యాబ్‌ను మళ్లీ అడగాలి.

చివరిగా ఒక పని. పాజిటివ్ వచ్చినప్పుడు ఆ కబురు చుట్టాలకు చేర్చే బరువంతా పేషెంటు మీదే వదిలేస్తున్నాం. కీమోతో నీరసించిన మనిషి ఫోన్లో అక్కకు ఏమని చెబుతుంది? తెలుగులో ఒక పేజీ ఉత్తరం మనమే రాసివ్వాలి: ఏ జన్యువు, ఏ మార్పు, ఎవరెవరు చూపించుకోవాలి. వెతకాల్సింది ఏమిటో తెలుసు కాబట్టి చుట్టాలకు ఆ ఒక్క మార్పు చూస్తే చాలు, ఖర్చూ తక్కువే. ఆ ఉత్తరం అన్నదమ్ములకు కూడా ఇవ్వండి. బీఆర్‌సీఏ2 మార్పు ఉన్న మగవాళ్లకు ప్రొస్టేట్ క్యాన్సర్ ముప్పు ఎక్కువ, ఆ మార్పు వాళ్ల కూతుళ్లకు సంక్రమించే అవకాశమూ సగం.